ఉప్పు తడవని ఇల్లు

అమ్మ మోకాళ్ళను దృష్టిలో పెట్టుకుని ఇల్లు వెతికాను. బాత్రూమ్ కిందనే ఉండాలి, మెట్లకి పట్టుకోవడానికి కమ్మీ ఉండాలి, కిటికీలోంచి నీళ్ళు కనబడాలి. చివరికి ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్న కొండలు, సరస్సుల ప్రాంతం లేక్ డిస్ట్రిక్ట్‌లో, కానిస్టన్ సరస్సు పైన గట్టు మీద ఒక పాత రైతు ఇల్లు దొరికింది. మేముండే లీడ్స్ నుంచి రెండున్నర గంటల ప్రయాణం. నవంబరు కాబట్టి శుక్రవారం నుంచి సోమవారం దాకా 480 పౌండ్లు. బడి సెలవుల్లో అయితే ఆ డబ్బుకి దాని గుమ్మం కూడా తొక్కలేం.

చేరేసరికి నాలుగున్నర, అప్పటికే చీకటి పడుతోంది. రెండున్నర అడుగుల మందం రాతిగోడలు, లోపల సున్నం. పైకప్పంతా పలకరాయి. మనం బళ్ళో రాసుకున్న పలకల రాయే, ఆ కొండల్లోనే తవ్వి తీసింది. గుమ్మాలు ఎంత పొట్టివంటే మా ఆయన మూడు రోజులూ తల వంచుకునే తిరిగారు. అమ్మకి మాత్రం ఎక్కడా వంగాల్సిన పని రాలేదు. "మన ఎత్తు వాళ్ళేనే కట్టుకున్నది" అంది.

చలి సంగతి దాచను. ఇలాంటి పాత ఇళ్ళు చాలావరకు ప్రభుత్వ రక్షణ జాబితాలో ఉంటాయి. అనుమతి లేకుండా కిటికీలకి రెండు పొరల అద్దాలు పెట్టించడానికి కూడా వీల్లేదు. అందుకే అద్దాలు ఒంటి పొరవే. పైగా రాతిగోడ ఒకసారి చల్లబడితే వేడెక్కడానికి ఒక రోజు పడుతుంది. మొదటి రాత్రి అమ్మ రెండు స్వెట్టర్లు వేసుకుని, మంకీ క్యాప్ పెట్టుకుని పడుకుంది. నాకు ఒకటే టెన్షన్. పెద్దవాళ్ళతో చలికాలంలో వెళ్ళేవాళ్ళు, మీరు వచ్చే రోజు పొద్దున్నే హీటింగ్ వేసి పెట్టమని ఇంటివాళ్ళకి ముందే చెప్పండి. నేను అడగలేదు. రెండో రోజుకి గోడలు కాగాయి, ఇక వేడి తగ్గలేదు.

తెల్లారాక కిటికీ తెర తీస్తే కింద నీళ్ళు. ఎనిమిది కిలోమీటర్ల పొడవు, ఎనిమిది వందల మీటర్ల వెడల్పు, అవతల ఒడ్డున ఇంగ్లీషు రచయిత జాన్ రస్కిన్ చివరిదాకా ఉన్న బ్రాంట్‌వుడ్ ఇల్లు తెల్లగా కనబడుతోంది. అమ్మ చాలాసేపు చూసి, "ఇంత చెరువుకి కట్ట ఏదే?" అని అడిగింది. కోనసీమలో పుట్టి, నీటిపారుదల ఉద్యోగిని పెళ్ళి చేసుకున్న మనిషి. నీళ్ళు కనబడితే కట్ట, తూము, కలుజు ఎక్కడున్నాయో చూస్తుంది. ఇది మంచుగడ్డలు జరుగుతూ తొలిచిన లోయ, మనుషులు తవ్వింది కాదు, దక్షిణం కొసన క్రేక్ అనే ఏరుగా బయటికి పోతుంది అని చెప్పాను. ఇక్కడికి దగ్గర్లోనే కట్ట ఉన్న సరస్సు కూడా ఉంది, థర్ల్‌మియర్. మాంచెస్టర్ నగరం వాళ్ళు కట్ట వేసి 1894 నుంచి నీళ్ళు తీసుకెళ్తున్నారు. అమ్మకి కానిస్టన్ కన్నా అదే ఎక్కువ నచ్చింది. మరుసటి రోజు వెళ్ళి ఆ కట్ట మీద నడిచాం.

కానీ నేను ఇదంతా రాస్తున్నది ఒక చిన్న అల్మరా గురించి.

వంటింట్లో పాత పొయ్యి పక్కన, గోడలోనే గూడులా ఉంది. తలుపు రెండు జానలు కూడా ఉండదు. నల్లబడ్డ ఓక్ చెక్క, చెయ్యి పెట్టి తెరిచేచోట అరిగి నున్నగా మెరుస్తోంది. దాని మీద మూడు అక్షరాలు, కింద 1682. పైన ఉన్నది ఇంటిపేరు, కింద ఒకటి భర్తది, ఒకటి భార్యది. ఈ ప్రాంతం రైతు ఇళ్ళలో ఇలాంటివి చాలా ఉన్నాయట. ఉప్పు, మసాలాలు చెమ్మెక్కకుండా పొయ్యి వేడికి దగ్గరగా పెట్టుకునేవాళ్ళు. మిరియాలు, జాజికాయ, అల్లం పొడి అంటే ఆ రోజుల్లో ఖరీదైన సరుకు మరి.

అమ్మ ఆ అక్షరాల మీద వేలు పెట్టి రాసింది. "మన గిన్నెల మీద పేర్లు కొట్టించుకున్నట్టే. ఆవిడ పేరు కూడా వేయించాడు చూడు."

ఇంటావిడకి మెసేజ్ పెట్టాను, అందులో ఏమైనా పెట్టుకోవచ్చా అని. అది అందుకోసమే కదా, పెట్టుకోండి అంది. అమ్మ తన పోపుల డబ్బా, ఉప్పు గిన్నె అందులో పెట్టింది. పొయ్యిలో కట్టెలు మండుతుంటే ఆ గూట్లోకి చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది. బయట మూడు రోజులూ వాన. పోపు పెడితే మాత్రం స్మోక్ అలారం మోగింది, తలుపు తీసి పెట్టుకుని వండాం. సోమవారం పొద్దున అమ్మ ఉప్పు గిన్నె తీసి, చిటికెడు తీసుకుని వేళ్ళ మధ్య నలిపి చూసింది. పొడిగా రాలింది. మా అమ్మమ్మ ఉప్పు జాడీని పొయ్యి గట్టు మూలకి జరిపి పెట్టేదట, శ్రావణమాసంలో నీరు కారకుండా.

ఆ అమ్మమ్మ ఇల్లు ఇప్పుడు లేదు. మండువా లోగిలి. వానొస్తే మధ్యలో నీళ్ళు దూకేవి, చుట్టూ అరుగుల మీద మేం కూచునేవాళ్ళం. ఆరేళ్ళ కిందట అందరం కలిసి పడగొట్టించాం. ఉండేవాళ్ళు లేరు, పెంకు నేయించడానికి మనుషులు దొరకడం లేదు. నేను ఇక్కడి నుంచి సంతకం పెట్టి స్కాన్ చేసి పంపాను. స్తంభాలు, తలుపులు పాత సామాన్ల వ్యాపారి పట్టుకెళ్ళాడు. వీధి ద్వారబంధం మీద తాతయ్య పేరు, 1931 అని చెక్కి ఉండేది.

ఇక్కడ కూడా వ్యవసాయం మీద మాత్రమే ఇల్లు నిలబడలేదు. ఇంటివాళ్ళు కొండ మీద హెర్డ్‌విక్ అనే స్థానిక జాతి గొర్రెలు మేపుతారు, ఈ ఇల్లు మాలాంటి వాళ్ళకి మూడేసి రోజులు అద్దెకిచ్చి ఆ డబ్బుతో కప్పు బాగు చేయించుకుంటారు. కోనసీమలోనూ కొన్ని పాత ఇళ్ళు అలా అతిథులకి ఇస్తున్నారు. మాకెవరికీ ఆ ఆలోచనే రాలేదు. వచ్చి ఉంటే అని ఆ వంటింట్లో నిలబడి ఏడ్చాను. అమ్మ ఏడవలేదు. పది గంటలకి తాళం ఇచ్చేయాలి కాబట్టి అల్మరా తడిగుడ్డతో తుడిచి, అడుగున నాలుగు లవంగాలు వేసి తలుపు మూసింది.

కారులో అమ్మ మా తమ్ముడికి ఫోన్ చేసింది. ఆ ద్వారబంధం ఎవరు కొన్నారో కనుక్కోమని. నిన్న వాడు చెప్పాడు, వ్యాపారి దగ్గర్నుంచి రావులపాలెం వైపు ఒక వడ్రంగి తీసుకున్నాడట, పై కమ్మీ ఇంకా కోయలేదన్నాడట. ఆదివారం వెళ్ళి చూస్తాడు.