వీసా మీద ఉన్నవాడికి సింగిల్ షాట్ రైఫిల్

పెన్సిల్వేనియా రాజధాని హారిస్‌బర్గ్ చుట్టుపక్కల, మెకానిక్స్‌బర్గ్, క్యాంప్ హిల్ వంటి ఊళ్లలో కాపురముంటున్న తెలుగువాళ్లలో చాలామంది రాష్ట్ర ప్రభుత్వ శాఖల కంప్యూటరు వ్యవస్థల మీద కాంట్రాక్టు పద్ధతిలో పనిచేస్తుంటారు. నేనూ వాళ్లలో ఒకణ్ణే. కొత్తగా వచ్చినవాళ్లకు ఇక్కడ మొదట వింతగా తోచేది, థాంక్స్‌గివింగ్ పండుగ వెళ్లిన సోమవారం ఆఫీసు బోసిపోవడం. జింకల వేట అంటే ఈ రాష్ట్రంలో పల్లెలకు పల్లెలే కదులుతాయి. చాలా బడులకు ఆ రోజు సెలవు. 2019 నుంచి సీజను రెండు రోజుల ముందు శనివారమే మొదలవుతున్నా, సోమవారం సెలవు పెట్టే అలవాటు మాత్రం పాతవాళ్లకు పోలేదు. మంగళవారం తిరిగి వచ్చి, కాఫీ యంత్రం దగ్గర నిలబడి వాళ్లు చెప్పుకునే కబుర్లలో తాతగారి రైఫిళ్లు, నాన్న నేర్పిన గురి, పిల్లలకు కొనిపెట్టిన మొదటి పాయింట్ 22 తుపాకి (గొట్టం రంధ్రం 0.22 అంగుళాలుండే చిన్న రకం) తప్పకుండా వస్తాయి.

మన నేలమీద పెరిగిన మధ్యతరగతివాడికి తుపాకి అంటే పోలీసు ఠాణాలోని త్రీనాట్‌త్రీ, బ్యాంకు గుమ్మం దగ్గర కాపలాదారు భుజాన వేలాడే డబుల్ బారెల్, ఎన్నికలు ప్రకటించగానే లైసెన్సుదారులు ఠాణాలో జమచేసి రసీదు తెచ్చుకునే వస్తువు. స్వయంగా పట్టుకున్న అనుభవం ఏదైనా ఉంటే అది ఎన్‌సీసీ పుణ్యమే. క్యాంపులో బోర్లా పడుకుని, హవల్దారు ఆజ్ఞ కోసం ఊపిరి బిగబట్టి, పాయింట్ టూటూ రైఫిల్‌తో ఇచ్చిన నాలుగు తూటాలూ కాల్చేసి, ఆ తరువాత టార్గెట్ కాగితం చుట్టూ మూగి చిల్లులు దగ్గరదగ్గరగా పడే గ్రూపింగ్ ఎవరిది బాగా వచ్చిందో వాదించుకున్నవాళ్లు నా ఈడువాళ్లలో చాలామంది ఉన్నారు. నాకు ఈ సరదా అక్కడ అంటుకున్నదే. అయితే అమెరికాలో తుపాకి కొంటానంటే ఇంటి దగ్గర పెద్దవాళ్లు ఉలిక్కిపడటంలో తప్పేమీ లేదు. 2017లో కాన్సస్ రాష్ట్రంలోని ఓలేత్‌లో ఒక తెలుగు ఇంజనీరును కాల్చి చంపిన వార్త మన ఇళ్లలో ఎవరూ మరచిపోలేదు. కాబట్టి నేను చెప్పబోయేది ఆత్మరక్షణ గురించి కాదు. వారమంతా తెరకు కళ్లప్పగించి కూర్చునేవాడు శనివారం మధ్యాహ్నం కాగితం మీద తీరిగ్గా చిల్లులు వేసుకోవడానికి చవకలో ఎటువంటి రైఫిల్ కొనుక్కోవచ్చన్నదే.

రైఫిల్ కంటే ముందు చట్టం సంగతి తెలుసుకోవాలి, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు కొనడానికి కేంద్ర చట్టం అడ్డు చెప్పదు. హెచ్-1బి, హెచ్-4, విద్యార్థి వీసాల మీద ఉన్నవాళ్లు మాత్రం తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడమే నేరం; సొంతది కొనడమే కాదు, స్నేహితుడు చేతికిచ్చినది కాల్చినా, గురి సాధన చేసే రేంజ్‌లో అద్దెకు తీసుకున్నా అదే లెక్క. దీనికి చట్టంలోనే కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో మనబోటివాళ్లకు అందుబాటులో ఉన్నది, ఏదో ఒక అమెరికా రాష్ట్రం చట్టప్రకారం ఇచ్చిన వేట లైసెన్సు కలిగి ఉండటం. గ్రీన్ కార్డు వరుసలో ఏళ్ల తరబడి నిలబడిన భారతీయులకు ఈ చిన్న వాక్యం ఎంత పెద్ద తలుపో వేరే చెప్పనక్కరలేదు. పెన్సిల్వేనియాలో వేట లైసెన్సు తొలిసారి తీసుకునేవాళ్లు ముందుగా వేటగాళ్ల భద్రతా శిక్షణ పూర్తిచేయాలి. జంతువును చంపే ఉద్దేశం బొత్తిగా లేని శాకాహారి కూడా ఆ తరగతిలో కూర్చుని ఉడుతకూ కుందేలుకూ సీజన్లు ఎప్పుడో చదవడం కొంత విడ్డూరమే కానీ, తుపాకి గొట్టం ఎటు చూడాలి, కంచె దాటేటప్పుడు ఏం చేయాలి వంటి విషయాలు అంత ఓపికగా నేర్పేవాళ్లు మరెక్కడా దొరకరు.

ఇక సింగిల్ షాట్ ఎందుకంటే, అందులో తూటాలు నింపి ఉంచే పెట్టె, అంటే మ్యాగజైన్, ఉండదు. గొట్టం వెనుక భాగాన్ని మూసే కడ్డీని, అంటే బోల్ట్‌ను, తెరిచి, వేళ్లతో ఒక తూటా లోపల పెట్టి, బోల్ట్ మూసి, గురిచూసి కాల్చి, మళ్లీ తెరిస్తే ఖాళీ తొడుగు బయటపడుతుంది. మరొకటి కాల్చాలంటే మొదటినుంచి ఇదే వరుస. నాతో పనిచేసే నల్గొండ కుర్రాడు మొదటిసారి చూసి, "అన్నా, గిదొక్కటే పడ్తదా?" అని నవ్వాడు. నిజానికి ఆ ఒక్కటే పట్టడంలోనే దీని సుఖమంతా ఉంది. పది తూటాల మ్యాగజైన్ ఉన్నప్పుడు తప్పిన గుండును తరువాతి గుండుతో సరిచేద్దామనే తొందర వేలికి పుడుతుంది. ఇక్కడ గుండుకూ గుండుకూ మధ్య తప్పనిసరిగా విరామం వస్తుంది కనుక, మధ్యాహ్నం అంతా కాల్చినా 50 తూటాల డబ్బా ఖాళీ కాదు. ఈ రైఫిళ్లలో వాడే, 'లాంగ్ రైఫిల్' అని పేరున్న మామూలు రకం పాయింట్ 22 తూటా ఒక్కొక్కటి సుమారు 10 సెంట్లు పడుతుంది. ఆ లెక్కన ఈ వినోదం సినిమా టికెట్టు కంటే చవక.

అంగడికి వెళ్లి చవకైన సింగిల్ షాట్ చూపించమంటే ముందు బల్లమీదికి వచ్చేవి రెండు: సావేజ్ కంపెనీవారి రాస్కల్, క్రికెట్ అనే పేరున్న మరో రైఫిల్. రెండోది ఈ రాష్ట్రంలోనే, హారిస్‌బర్గ్‌కు ఉత్తరాన మిల్టన్ అనే ఊళ్లో ఉన్న కీస్టోన్ కంపెనీది. రెండూ 200 డాలర్లకు కాస్త అటూ ఇటూగా దొరుకుతాయి, మూడు పౌండ్లు కూడా తూగవు, పనితీరులో వంక పెట్టేందుకు లేదు. అయితే అవి పిల్లల కోసం చేసినవి. భుజానికి ఆనే వెనుక భాగం (బట్) చివరి నుంచి ట్రిగ్గర్ వరకు ఉండే కొలత పెద్దవాళ్లకు 13 నుంచి 14 అంగుళాల దాకా ఉండాలి. వీటిలో అది 11 అంగుళాల పైన కొంచెమే. పెద్దమనిషి దాన్ని భుజానికి ఆనించుకోవడం అంటే ఒకటో తరగతి బెంచీలో కూర్చుని పరీక్ష రాయడమే: మెడ వంగుతుంది, బొటనవేలు ముక్కుకు తగులుతుంది, అరగంటకే విసుగు పుడుతుంది. పిల్లలకు నేర్పాలనుకుంటే రాస్కల్ మంచి ఎంపిక. దానిలోని ట్రిగ్గర్ ఈ ధరలో ఆశించేదానికంటే బాగుంటుంది. మన కోసమైతే పూర్తి నిడివి ఉన్నదాన్నే వెతకాలి.

ఆ రకంలో సావేజ్ వాళ్లదే మార్క్ 1 ఉంది. అందులో లావుపాటి గొట్టంతో, వెనుక సన్నని రంధ్రం గుండా గురిచూసే పీప్ సైట్‌తో వచ్చిన టార్గెట్ రకం సెకండ్‌హ్యాండ్‌లో కనబడితే బేరమాడకుండా తీసుకోవచ్చునని నా అభిప్రాయం. కానీ నా మనసు పాత వించెస్టర్ మోడల్ 67 మీద నిలిచింది. 1934 నుంచి 1963 వరకు తయారైన ఈ రైఫిల్ ఇక్కడి పల్లెటూళ్ల తుపాకి అంగళ్లలో ఇంకా మూలన నిలబడి ఉంటుంది. గొట్టం 27 అంగుళాలు. అంత పొడవులో మందు పూర్తిగా కాలిపోవడం వల్ల చప్పుడు కూడా అణిగే వస్తుంది. బోల్ట్ మూసినంత మాత్రాన ఇది కాల్చడానికి సిద్ధం కాదు; బోల్ట్ వెనుక ఉన్న గుండ్రటి బుడిపెను రెండు వేళ్లతో పట్టి, స్ప్రింగు బిగువుకు ఎదురుగా వెనక్కి లాగి, అది టక్కుమని ఆగేవరకు పట్టుకోవాలి. కాల్చాలని నిశ్చయించుకున్నవాడు తప్ప ఎవరూ పొరపాటున చేసే పని కాదది. అమెరికాలో అమ్మిన మోడల్ 67ల మీద సీరియల్ నంబరు ఉండదు. 1968 తుపాకుల నియంత్రణ చట్టం రాకముందు ఇటువంటి రైఫిళ్లకు నంబరు వేయాలన్న నిబంధన లేదు. అంగడివాడు కాగితంలో ఆ గడి దగ్గర నంబరు లేదని రాస్తే కంగారు పడనక్కరలేదు.

సెకండ్‌హ్యాండ్ రైఫిల్ కొనేటప్పుడు కర్ర మెరుపు కంటే తూటా కూర్చునే చోటి అంచును చూడాలి. ఈ పాయింట్ 22 తూటా రిమ్‌ఫైర్ రకం; రిమ్‌ఫైర్ అంటేనే తూటా అడుగున మడిచిన అంచులో మందు ఉండి, ఫైరింగ్ పిన్ ఆ అంచును నొక్కినప్పుడు అంటుకునేది. తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కుతూ ఆడుకున్న పాత రైఫిళ్లలో ఆ పిన్ నేరుగా ఉక్కు అంచుకు తగిలి చిన్న నొక్కు చేస్తుంది. నొక్కు ముదిరితే తూటా ఇరుక్కుంటుంది, ఖాళీ తొడుగు బయటికి రాదు. చిన్న టార్చి వేసి ఆ నొక్కు ఉందో లేదో చూడటం, గొట్టంలోకి వెలుతురు పంపి గాడులు నున్నగా మెరుస్తున్నాయో లేదో చూడటం, తొడుగును బయటికి లాగే కొక్కెం అరిగిపోయిందేమో వేలితో తడమడం, ఈ మూడు చాలు. ఇవి చూడనివ్వని అంగట్లో కొనకపోవడమే మేలు.

మా వృత్తిలో నలభై దాటినవాళ్లందరికీ కళ్లద్దాలే. మామూలు తెరిచిన సైట్లలో వెనుక గాడి, ముందు మొన, దూరపు టార్గెట్ మూడింటినీ ఒకేసారి స్పష్టంగా చూడటం మా కళ్ల వల్ల కాదు. పీప్ సైట్ పెడితే ఆ సన్నని రంధ్రం గుండా చూపు సాగడం వల్ల ముందు మొనా టార్గెట్టూ రెండూ చాలావరకు తేటపడతాయి. టెలిస్కోపు బిగించుకోవచ్చు కదా అంటే, మోడల్ 67 పైభాగంలో దానికి తగిన గాడులు మామూలుగా ఉండవు; పైగా పాత రైఫిల్‌కు బరమా వేయించడం నాకు సుతరామూ ఇష్టం లేదు.

తూటాల్లో సెకనుకు 1,070 అడుగుల వేగంతో వెళ్లే స్టాండర్డ్ వెలాసిటీ రకం ఈ పనికి సరిపోతుంది. అది ధ్వని వేగానికి లోపలే ఉంటుంది కనుక గాలిని చీల్చిన చప్పుడు చేయదు, కాగితం మీద చిల్లులు కూడా దగ్గరగా పడతాయి. గుండు మైలున్నర దూరం దాకా వెళ్లగలదన్న హెచ్చరికను మాత్రం చిన్న తూటా కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. వెనుక మట్టి గట్టు లేని చోట దీన్ని కాల్చకూడదు. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే గొట్టాన్ని గట్టువైపే ఉంచి అరనిమిషం ఆగాలి, ఆ తరువాతే బోల్ట్ తెరవాలి.

కాల్చడానికి నేను ఎంచుకున్నది వేట వ్యవహారాలు చూసే రాష్ట్ర గేమ్ కమిషన్ నిర్వహించే రేంజ్. వేట లైసెన్సు ఉంటే వేరే పర్మిట్ అక్కరలేదు. 25 గజాల దగ్గర మొదలుపెట్టి 50 గజాలకు జరిగితే, అంగుళం వెడల్పులో ఐదు గుండ్లు పడిన రోజు మంచి రోజు. చెవులకు మఫ్స్ తప్పనిసరి. గుండులో సీసం ఉంటుంది కనుక, డబ్బాలో పులిహోర తెచ్చుకున్నవాళ్లు చేతులు సబ్బుతో కడుక్కోకుండా మూత తీయకూడదు.

కొనే రోజున అంగట్లో 4473 అనే ఫారం నింపాలి. వీసా మీద వచ్చినవారా అన్న ప్రశ్నకు అవునని, మినహాయింపు ఉందా అన్నదానికీ అవునని రాసి, అమెరికాలోకి ప్రవేశించిన రికార్డైన ఐ-94 నంబరు వేసి, వేట లైసెన్సు చూపాలి. తరువాత అంగడివాడు రాష్ట్ర పోలీసుల తక్షణ తనిఖీ వ్యవస్థకు వివరాలు పంపుతాడు. ఈ మినహాయింపు సంగతి తెలియని గుమాస్తాలు కొందరు వీసా అన్న మాట వినగానే కుదరదనేస్తారు; వాళ్లతో వాదనకు దిగకుండా మరో అంగడికి వెళ్లడమే నయం.

ఇంట్లో ఒప్పించడం దీనికంటే కష్టమైన పని. "పిల్లలు తిరిగే ఇంట్లో తుపాకి ఏమిటండీ?" అన్న మా ఆవిడ ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు గోడకు బిగించిన ఇనుప బీరువా, మరో గదిలో తాళం వేసి ఉంచే తూటాలు, తీసి విడిగా దాచే బోల్ట్. బోల్ట్ లేని రైఫిల్ ఉత్త కర్రా గొట్టమే. అపార్ట్‌మెంటులో అద్దెకున్నవాళ్లు లీజు ఒప్పందం కూడా ఒకసారి చదువుకోవాలి.

ఇంత చేశాక గుర్తుంచుకోవలసిన తేదీ ఒకటుంది. పెన్సిల్వేనియా వేట లైసెన్సు ఏ నెలలో కొన్నా జూన్ 30తో ముగుస్తుంది, జూలై 1న కొత్త సంవత్సరం మొదలవుతుంది. లైసెన్సు చెల్లకుండా పోయిన మరునాడు బీరువాలో రైఫిల్ ఉండటం కూడా వీసాదారుకు నేరమే అవుతుంది. మనవాళ్లు పిల్లల సెలవులకని హైదరాబాదుకో విజయవాడకో విమానమెక్కేది సరిగ్గా ఆ రోజుల్లోనే. కొత్త ఏడాది లైసెన్సులు జూన్‌లోనే అమ్మకానికి వస్తాయి కనుక, వేసవిలో ఊరికి టికెట్లు కొన్నానంటే నేను బయలుదేరే లోపలే అది కొనేసి పర్సులో పెట్టుకుంటాను. తిరిగి రావడం సందేహమైనవాళ్లు రైఫిల్‌ను లైసెన్సున్న డీలరుకు అమ్మేసి వెళ్లాలి. భారతదేశంలో ఆయుధ లైసెన్సు, దిగుమతి అనుమతి లేకుండా దాన్ని సామానులో తీసుకుపోయే దారి లేదు.