ఫిన్ బాక్స్ ఊగకుండా నిలవాలంటే

గునపం వేసి రాయిని లేపడం చూసే ఉంటారు. సర్ఫ్‌బోర్డు (అలల మీద జారే పలక) అడుగున ఉండే రెక్క ఫిన్, అది దిగే గాడి ఉన్న ప్లాస్టిక్ పెట్టె బాక్స్. నీళ్లు పక్కనుంచి నెట్టినప్పుడు ఫిన్ కూడా బాక్స్‌ని అలాగే పెకలించబోతుంది. బయట ఫిన్ అంత పొడుగు, లోపల బాక్స్ లోతు సుమారు ఒక అంగుళం. ఆ విసురుని బోర్డు లోపలి ఫోమ్ ఆపలేదు, అది వేలితో నొక్కితేనే సొట్టపడుతుంది. ఆపేది బోర్డు అడుగున ఉన్న ఫైబర్‌గ్లాస్ పొర. బాక్స్‌ని గుంతలో అతికించి ఊరుకోకూడదు, ఆ పొరతో కలిపి కట్టేయాలి. ఇంట్లో చేసిన బోర్డుల్లో బాక్స్ వదులయ్యేది ఎక్కువగా ఇక్కడే.

ముందు గీతలు. లాంగ్‌బోర్డుకి (పొడుగు సర్ఫ్‌బోర్డు) వాడే 10.5 అంగుళాల బాక్స్ సరిగ్గా స్ట్రింగర్ (బోర్డు మధ్యలో పొడుగునా ఉండే చెక్క పట్టీ) మీద పడాలి. మూడు ఫిన్ల బోర్డు అయితే, పక్క ఫిన్ల వెనక అంచు తోక నుంచి 11 అంగుళాల దగ్గర, వెనక ఫిన్‌ది 3.5 అంగుళాల దగ్గర అన్నది చాలామంది మొదలుపెట్టే కొలత. పక్క ఫిన్ల ముందు అంచు సుమారు 3 మి.మీ. లోపలికి తిరగాలి. రెండు వైపులా ముక్కు నుంచి టేపు పట్టి కొలవండి. రెండు వైపులా కొలత ఒకేలా లేకపోతే బోర్డు ఒక పక్కకి లాగొచ్చు.

గుంత తీసేముందు అక్కడ తోక మందం కొలవండి. బాక్స్ కింద ఫోమ్ మరీ పలచగా మిగిలితే, పైన మడమ ఒత్తిడికి డెక్ (మనం నిలబడే పైభాగం) అక్కడే పగులుతుంది. బాక్స్ ఆకారంలో కోసిన టెంప్లేట్‌ని రెండువైపులా అంటుకునే టేపుతో బిగించి, రౌటర్‌ని (గుంత కోసే యంత్రం) రెండు మూడు విడతల్లో లోతుకి దించండి. ఒక్కసారే పూర్తి లోతు కోస్తే స్ట్రింగర్ చెక్క దగ్గర రౌటర్ ఎగిరి గీత చెడుతుంది. చుట్టూ ఒక మి.మీ. ఖాళీ ఉండాలి. బాక్స్ బిర్రుగా పడితే బాగా పట్టిందనుకుంటాం గానీ, అప్పుడు రెజిన్‌కి (పోశాక గట్టిపడే జిగురు) చోటే ఉండదు.

బాక్స్ బయటి గోడల్ని 80 నంబరు ఉప్పుకాగితంతో మెరుపు పోయేదాకా గీకండి. నున్నటి ప్లాస్టిక్‌ని రెజిన్ పట్టుకోదు. బాక్స్ గాడిని టేపుతో పూర్తిగా మూసేయండి. గుంతలో గ్లాస్ క్లాత్ ముక్కని అంచులు పైకొచ్చేలా పరిచి, మిల్డ్ ఫైబర్ (పొడిలా నూరిన గ్లాస్ నార) కలిపిన రెజిన్ పోసి, బాక్స్‌ని మెల్లగా నొక్కండి. చుట్టూ రెజిన్ పొంగి పైకి రావాలి. ఒకచోట రాలేదంటే అక్కడ గాలి చిక్కుకుందన్నమాట. ఈపీఎస్ ఫోమ్‌కి (థర్మోకోల్ రకం) ఎపాక్సీ రెజిన్‌నే వాడాలి, పాలిస్టర్ రెజిన్ దాన్ని కరిగించేస్తుంది. ఎపాక్సీని కూడా కప్పు నిండా కలిపి ఉంచకండి, వేడెక్కి పొగలొస్తుంది, గుంతలో ఫోమ్ కుంచించుకుపోతుంది. గది వేడి తగ్గుతున్న వేళ పోస్తే ఫోమ్‌లోని గాలి ఉబికి బుడగలు కట్టదు.

గట్టిపడ్డాక బాక్స్ మీదుగా, చుట్టూ 2 అంగుళాలు దాటేలా గ్లాస్ క్లాత్‌ని రెజిన్‌తో అతికించి, తర్వాత గాడి వరకు సాండ్ చేసి (అరగదీసి) తెరవాలి. ఇక్కడ తొందర పడొద్దు, సాండర్ వేడికి ప్లాస్టిక్ కరిగి గాడి అంచు వంకరపోతుంది.

ఇక రిపేరు. ఫిన్ కొస పట్టుకుని అటూ ఇటూ కదుపుతూ బాక్స్ అంచునే చూడండి. వెంట్రుకంత పగులు తెరుచుకుని మూసుకుంటున్నా, నీటి బుడగ బయటికొచ్చినా బంధం తెగిందని అర్థం. పగులు పైపూతలోనే ఉంటే సాండ్ చేసి రెజిన్ పూస్తే చాలు. చాలామంది ఊగుతున్న బాక్స్ పగుల్లోనే రెజిన్ పోసి వదిలేస్తారు. తడి ఫోమ్‌కి అది అతకదు, పైగా నీళ్లని లోపలే బంధిస్తుంది. మంచినీళ్లతో ఉప్పు కడిగి, పగులు కిందికి ఉండేలా బోర్డుని నీడలో నిలబెట్టి రోజుల తరబడి ఆరనివ్వండి. ఉప్పు మిగిలితే తేమని మళ్లీ పీలుస్తూనే ఉంటుంది.

నిజంగా వదులైన బాక్స్‌ని మొత్తం కోసి తీయడమే మేలు. మెత్తబడ్డ ఫోమ్‌ని గట్టి ఫోమ్ తగిలేదాకా తీసి, కొత్త ముక్క అతికించి, మళ్లీ మొదటినుంచి గుంత తీయండి. ఎపాక్సీ మర్నాటికే రాయిలా అనిపించినా పూర్తి బలానికి వారం పడుతుంది. ఈలోపు ఫిన్ బిగించవద్దు.