దడంటే వయసన్నారు, నీరసమంటే దిగులన్నారు

ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి నాకు పెంబ్రోలిజుమాబ్ ఇచ్చారు. మూడు వారాలకోసారి నరంలోకి ఎక్కించే ఇమ్యునోథెరపీ మందు. కీమో అంత బాధ ఉండదన్నారు. మొదట్లో అలాగే గడిచింది.

తర్వాత దడ మొదలైంది. ఊరికే కూర్చున్నా గుండె పరుగెత్తేది, చేతులు వణికేవి, రాత్రంతా చెమటలు. చెబితే మెనోపాజ్ వయసు కదా, పైగా టెన్షన్ అన్నారు. కొన్ని వారాలకు అంతా తిరగబడింది. ఒకటే చలి, మలబద్ధకం, మొహం వాపు, మంచం దిగాలంటే ఏడుపొచ్చేంత నీరసం. ఈసారి డిప్రెషన్ అన్నారు. ఒక నర్సు పట్టుబట్టి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించింది. ఆమెకు ఎంతో రుణపడి ఉన్నాను. మందు వల్ల థైరాయిడ్ గ్రంథి వాచి, దాచుకున్న హార్మోన్‌నంతా ముందు రక్తంలోకి వదిలేసింది. ఆ తర్వాత తయారుచేసే శక్తే పోయింది. దడా, నీరసమూ రెండూ దాని పనే.

ఈ మందు క్యాన్సర్‌ను నేరుగా చంపదు. రోగనిరోధక కణాలకు ఉండే పీడీ-1 అనే బ్రేకును తీసేస్తుంది. అప్పుడవి ఒక్కోసారి మన సొంత అవయవాల మీదికీ వెళ్తాయి. ఆడవాళ్లలో ఈ వ్యవస్థ మామూలుగానే చురుకు. ఇలా సొంత ఒంటి మీదే దాడి జరిగే ఆటోఇమ్యూన్ జబ్బులున్న వాళ్లలో దాదాపు 80 శాతం ఆడవాళ్లే. అమెరికాలో 1980 నుంచి 2019 దాకా క్యాన్సర్ ట్రయల్స్‌లో చేరిన 23 వేల మందికి పైగా రోగుల వివరాలతో 2022లో ఒక విశ్లేషణ వచ్చింది. వాళ్లలో ఇమ్యునోథెరపీ తీసుకున్న ఆడవాళ్లకు తీవ్రమైన దుష్ప్రభావాల ముప్పు మగవాళ్ల కన్నా 49 శాతం ఎక్కువట. ఇది చదివినప్పుడు నాకు కోపమే వచ్చింది. తెలిసిన ముప్పును వయసు ఖాతాలో ఎలా వేస్తారు? మగవాళ్లకూ వాళ్ల కష్టాలు వాళ్లకున్నాయి. ఇపిలిముమాబ్ అనే మరో ఇమ్యునోథెరపీ మందుతో మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథికి వచ్చే వాపు వాళ్లలోనే ఎక్కువ, దానికి తలనొప్పి ఒక గుర్తు. వాళ్ల తలనొప్పినీ తేలిగ్గా తీసుకోకూడదు.

థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టేముందు కార్టిసాల్ అనే అడ్రినల్ గ్రంథుల హార్మోన్ కూడా చూశారు. అది తక్కువగా ఉన్నప్పుడు ముందు దాన్ని సరిచేయకుండా థైరాయిడ్ మాత్ర ఇస్తే ప్రమాదం. నాకు సరిగ్గానే ఉంది కాబట్టి లెవోథైరాక్సిన్ అనే ఆ థైరాయిడ్ హార్మోన్ మాత్ర ఇచ్చారు. ఒళ్లు మెల్లగా తేలికపడింది, మాట స్పష్టమైంది. థైరాయిడ్ ఒక్కటే అయితే మామూలుగా క్యాన్సర్ మందు ఆపక్కర్లేదు, నాకూ ఆపలేదు. స్కాన్‌లో గడ్డ తగ్గింది. రోజూ పరగడుపున వేసుకునే ఈ మాత్ర బహుశా జీవితాంతం ఉంటుంది. డోసు ఎక్కించేముందు ఇప్పుడు నేనే టీఎస్‌హెచ్ రిపోర్టు అడిగి చూస్తాను.