మంథలి నుంచి లుక్లా: 74 కిలోమీటర్ల అసలు లెక్క

నేపాల్‌లో మంథలి నుంచి, ఎవరెస్ట్ బేస్ క్యాంప్ నడక మొదలయ్యే లుక్లాకు గీత గీసినట్టు కొలిస్తే దూరం సుమారు 74 కిలోమీటర్లు. ట్విన్ ఆటర్ అనే చిన్న విమానం గంటకు 270 కిలోమీటర్ల దరిదాపుల్లో పోతుంది కాబట్టి లెక్కకు పదహారు నిమిషాలు. మేమూ ఇంచుమించు అంతసేపే గాల్లో ఉన్నాం. ఆ లెక్క నమ్ముకుని ఎవరెస్ట్ బేస్ క్యాంప్ తేదీలు వేసుకుంటే మాత్రం దెబ్బతింటారు.

ముందు రోడ్డు సంగతి. రద్దీ సీజన్లలో, అంటే వసంతంలోనూ అక్టోబరు, నవంబరుల్లోనూ, ఖాట్మండూ రన్‌వే మీద ఒత్తిడి తగ్గించడానికి లుక్లా విమానాల్ని చాలావరకు మంథలికి మారుస్తారు. ఖాట్మండూ నుంచి అక్కడికి దాదాపు 130 కిలోమీటర్లు. దారిలో ధూలిఖేల్ ఊరు దాటాక అంతా మలుపులే. మామూలుగా నాలుగైదు గంటలు. 2024 సెప్టెంబరు వరదలకు ఈ దారి చాలాచోట్ల కొట్టుకుపోయింది కాబట్టి ఇంకో రెండు గంటలు చేతిలో ఉంచుకోండి. తెల్లారి విమానం అందాలని జీపులు రాత్రి ఒంటిగంటకో రెండింటికో బయల్దేరతాయి. ముందురోజే వెళ్లి మంథలిలో పడుకుంటే ప్రాణానికి సుఖం.

సామాను పెద్ద బ్యాగు 10 కిలోలు, చేతిసంచి 5. కాటా దగ్గర బేరాలుండవు, పైన ప్రతి కిలోకూ డబ్బు కట్టాల్సిందే. బరువైన జాకెట్ వేసుకునే వెళ్లండి, పవర్ బ్యాంక్ చేతిసంచిలో పెట్టండి. సీటు నంబర్లుండవు, మంచుకొండలు కావాలంటే ఎడమవైపు కిటికీ పట్టుకోండి. చెవుల్లోకి దూది, నోట్లోకి చాక్లెట్ ఇస్తారు. కాక్‌పిట్‌కు తలుపు వేయరు, ముందు కూర్చుంటే రన్‌వే కొండకు అతికించిన పలకలా ఎదురొస్తుంది.

ఆ రన్‌వే పొడవు 527 మీటర్లే. వాలు 11.7 శాతం, అంటే ఈ కొసకూ ఆ కొసకూ ఎత్తులో అరవై మీటర్ల తేడా. దిగడం ఎప్పుడూ ఎగువకే, లేవడం ఎప్పుడూ దిగువకే. ఎదురుగా కొండ కాబట్టి ఆఖరి క్షణంలో మళ్లీ లేచి చుట్టు తిరిగే వీల్లేదు. సముద్రమట్టానికి 2,850 మీటర్ల దగ్గర గాలి పలచన, రెక్కలకు పట్టు తక్కువ. పైగా ఎండ ఎక్కేకొద్దీ లోయలోంచి పైకి గాలి లేస్తుంది. అది దిగే విమానాన్ని వెనకనుంచి తోస్తుంది. పొద్దున పది, పదకొండు దాటాక విమానాలు ఆగిపోవడానికి ప్రధాన కారణం ఇదే. పైలట్ కంటితో చూసి దిగాల్సిన చోటు, మబ్బు కమ్మితే అంతే సంగతులు. మంథలిలో ఎండ కాస్తున్నా లాభం లేదు, చూడాల్సింది లుక్లా ఆకాశం.

విమానం ఆగే స్థలాలు లుక్లాలో నాలుగే. అందుకే విమానాలు జట్లుగా వెళ్లి, సామాను దించి, వెంటనే తిరిగొస్తాయి. టికెట్ తీసేటప్పుడు మొదటి జట్టే అడగండి. ఎందుకంటే ఈరోజు మీ విమానం రద్దయితే మీకు రేపటి విమానంలో ముందు చోటు ఇవ్వరు. రేపటి టికెట్ ఉన్నవాళ్లు ఎక్కాక ఖాళీ ఉంటేనే. మూడు రోజులు మబ్బు పట్టిందంటే ఆ వరస ఎంత పెరుగుతుందో ఊహించుకోండి.

తిరుగు ప్రయాణంలోనూ ఇదే తంతు. ముందురోజు మధ్యాహ్నమే లుక్లాలోని ఎయిర్‌లైన్ ఆఫీసుకు పోయి పేరు ఖాయం చేయించుకోవాలి. ఖాట్మండూ నుంచి ఇంటికి వెళ్లే విమానానికీ దీనికీ మధ్య రెండు రోజులైనా ఖాళీ ఉంచండి. అదీ చాలకపోతే హెలికాప్టర్‌లో సీటు పంచుకోవచ్చు, ఖర్చు బాగా ఎక్కువ. లేదా కింద రోడ్డున్న సల్లేరి ఊరి వైపు నడిచి దిగి జీపు పట్టుకోవాలి, దానికి రెండు మూడు రోజులు పడుతుంది.