ఎడమ గడి చెరపకూడదు

మన బడి పాత విద్యార్థుల సంచికకు ఏదైనా రాసి పంపమని కమిటీ మిత్రులు ఫోను చేసినప్పుడు మన క్రికెట్ జట్టు గురించి రాద్దామనుకున్నాను. అందులో నేను పన్నెండో ఆటగాణ్ణి. అంటే మంచినీళ్లు మోసేవాణ్ణి, కాబట్టి రాయడానికి ఆట్టే లేదు. పైగా ఇంగ్లీషు మాస్టారి శనివారాల గురించి ఎవరో ఒకరు రాయాలి. చివరిదాకా కూర్చున్న తొమ్మిది మందిలో నాకే తీరిక ఎక్కువ.

1981 జూన్‌లో పదో తరగతిలోకి వచ్చేనాటికి నాకు తెలిసిన ఇంగ్లీషు అంతా ప్రశ్నలూ జవాబులే. ఆరో తరగతిలో అక్షరాలు దిద్దిన తెలుగు మీడియం వాణ్ణి. ఆవు మీద వ్యాసం వచ్చు, పోస్ట్‌మన్ మీద వ్యాసం వచ్చు, ఆవు పోస్ట్‌మన్‌ను పొడిస్తే ఎలా చెప్పాలో రాదు. ఇలా లాభం లేదనుకున్నారేమో మాస్టారు, శనివారం ఒంటిపూట బడి అయ్యాక ఉండగలిగినవాళ్లను ఉండమన్నారు. లైబ్రరీ బీరువాలోంచి అట్ట ఊడిపోయిన లావుపాటి పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టారు. చార్లెస్ డికెన్స్ రాసిన ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’. అది సిలబస్‌లో లేదు. ఉన్నది ఒక్క ప్రతి. ఆయన చదవాలి, మేము వినాలి.

“ఇది 1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు దాకా 36 వారాలు ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. మీ ఇళ్లలో అమ్మలు వారపత్రిక కోసం ఎదురుచూస్తారే, లండన్‌లో జనం దీని కోసం అలాగే చూశారు. మనమూ వారానికి ఇంతని చదువుదాం” అన్నారు. మా అమ్మ సీరియళ్ల కాగితాలు చింపి దారంతో కుట్టి దాచుకునే మనిషి. డికెన్స్ ఎవరో తెలియకపోయినా ఆ మాటతో ఆయన మా ఇంటివాడైపోయాడు.

మాస్టారి షరతు ఒక్కటే. రూళ్ల పుస్తకంలో పేజీకి రెండు గడులు గీయాలి. తెలియని మాట రాగానే దాని అర్థం ఏమై ఉంటుందో ఎడమ గడిలో రాయాలి. పాఠం అయ్యాకే శంకరనారాయణ నిఘంటువు తెరిచి కుడి గడి నింపాలి. ఎడమ గడిలో రాసింది ఎంత తప్పయినా చెరపకూడదు. రబ్బరు కనిపిస్తే కిటికీలోంచి విసిరేసేవారు.

మొదటి శనివారమే మా ఎడమ గడులు నవ్వులపాలయ్యాయి. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం, చిత్తడి నేలల పక్కనున్న శ్మశానంలో, కాలికి సంకెల ఉన్న ఖైదీ ఒకడు పిప్ అనే పసివాణ్ణి పట్టుకుని ఫైలు తెమ్మంటాడు, ‘విటిల్స్’ తెమ్మంటాడు. ఫైలంటే మాకు తాలూకా ఆఫీసులో ఎర్ర నాడా కట్టి ఉండేది. పారిపోయి వచ్చినవాడు తన కేసు కాగితాలు అడుగుతున్నాడని తొమ్మిది మందిలో ఎనిమిది మందిమి రాశాం. తొమ్మిదోవాడు మాత్రం “ఆకురాయి” అని రాశాడు. వాళ్ల నాన్నది మన ఊరి చెరువుగట్టు కింద కొలిమి. “సంకెల కొయ్యాలంటే ఆకురాయే కావాలి కదండీ” అన్నాడు. అప్పటిదాకా ఇంగ్లీషు క్లాసులో వాడు నోరు విప్పగా చూడలేదు.

ఇక ‘విటిల్స్’. ఆ మాటను ఖైదీ పలికినట్టే డబుల్యూతో అచ్చువేశారు. నిఘంటువంతా గాలించినా దొరకదు. దొరకనే దొరకదు, ఎందుకంటే వాడు వి అనాల్సిన చోట డబుల్యూ అనే పామరుడు. అసలు మాట తినుబండారాలకు పాత పేరు. రాతలో దాని నడుమ సి అనే అక్షరం ఉంటుంది, పలుకులో ఉండదు. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు లేని ఆ సి ని, లాటిన్ మూలం గుర్తుచేయడానికి పండితులు తరవాత ఇరికించారట. అప్పు అనే అర్థమున్న ‘డెట్’లో బి కూడా అలా దూరిందేనట. స్పెల్లింగులకు దెబ్బలు తిన్న మాకు, ఆ దెబ్బలకు కారకులైన పండితులు ఎక్కడో ఉన్నారని తెలిసి ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

పట్టాభిషేకం జరగాల్సిన మాట ఇంకొకటి ఉంది. పిప్‌ను పెంచింది అక్క. ‘చేత్తో పెంచింది’ అని ఊరంతా ఆమెను మెచ్చుకుంటారు. పిప్‌కు ఆ నుడికారం తెలియదు. అక్కది మొరటు చెయ్యి, ఆ చెయ్యి తన మీదా బావ జో మీదా తరచూ పడుతుంది, కాబట్టి చేత్తో పెంచడమంటే ఇదే కాబోలు అనుకుంటాడు. మేమూ అలాగే రాశాం. కుడి గడి దగ్గరకు వచ్చేసరికి నిఘంటువు చేతులెత్తేసింది. మాస్టారు కాసేపు ఆలోచించి, “తల్లిపాలు లేని పిల్లల్ని ఎలా పెంచుతారు?” అని అడిగారు. మా మేనత్త కొడుకు అలా పెరిగినవాడే కనుక నేను “పోతపాల మీద” అన్నాను. “అంతే. పోతపాల మీద పెంచింది.” ఆ రోజు నడిచి ఇంటికి వెళుతూ నేను ఆలోచించింది ఇంగ్లీషు గురించి కాదు. పోతపాలు అనే మాట ఎంత బాగుందో అని.

తరవాత తరవాత ఇది అలవాటైంది. పిప్ తల్లి సమాధిరాయి మీద ‘పైవారి భార్య’ అని ఉంటుంది. తండ్రి పైలోకాలకు వెళ్లినందుకు ఆ గౌరవమని వాడి నమ్మకం. చచ్చిన బంధువుల్లో ఎవరికైనా ‘కిందివారు’ అని రాసి ఉంటే వాళ్ల గతి ఏమిటో కూడా ఊహించుకుంటాడు. మాస్టారు అది చదివి, “దస్తావేజుల్లో సదరు అని రాస్తారే, అది ఇది” అన్నారు. వెమిక్ అనే గుమాస్తా ఉరిశిక్ష పడ్డ ఖైదీల ఉంగరాలూ సూదిపతకాలూ పోగేసుకుంటూ, చంకన పెట్టుకుపోగలిగిన సొత్తు సంపాదించుకోమని పిప్‌కు సలహా ఇస్తాడు. దానికి మా కరణం గారి మనవడు టక్కున “చరాస్తి” అన్నాడు. ‘ట్రాన్స్‌పోర్ట్’ అనే మాట బస్సు మీద రాసి ఉండేది కనుక మా అందరికీ తెలుసు. ఖైదీని జీవితాంతం ట్రాన్స్‌పోర్ట్ చేశారని మాస్టారు చెబితే పాసు ఇచ్చారనుకున్నాం. అది ద్వీపాంతరవాస శిక్ష. 1788 నుంచి 1868 వరకు బ్రిటన్ తన ఖైదీలను ఓడల్లో ఆస్ట్రేలియాకు పంపింది. మనవాళ్లను అండమాన్ పంపింది. ద్వీపాంతరం అని మా తాతయ్య నోట విన్నాను గానీ, అది బస్సు పక్కన రాసి ఉండే మాటే అని నాకెవరు చెబుతారు?

బురద నేల మీద నడిచే కథ కాబట్టి మాకు అది పరాయిగా అనిపించలేదని కూడా చెప్పాలి. కెంట్ తీరపు పొగమంచు మేము చూడలేదు. కానీ రేపల్లె దాటి సముద్రం వైపు వెళితే వచ్చే పర్రలూ, ఉప్పుటేర్లూ, మోకాలి లోతు బురదా మాకు తెలుసు. ‘మార్ష్’ ఎదురుగా ఎడమ గడిలో తొమ్మిది మందిమీ సరిగ్గా రాసిన ఏకైక మాట “బాడవ”.

పిప్ తన బావకు పలక మీద రాసిన ఉత్తరం చదివినప్పుడు తరగతి గది దద్దరిల్లింది. చాలా మాటలకు స్పెల్లింగు సరిగ్గా ఉండదు. ఒక ఇంగ్లీషువాడి ఇంగ్లీషును మేము దిద్దగలిగిన మొదటి సందర్భం అది. బావ జోకి తన పేరులోని రెండక్షరాలు తప్ప చదవడం రాదు. ఆ ఉత్తరం చూసి పిప్‌ను మహాపండితుడంటాడు. మరుసటి అధ్యాయంలోనే ఎస్టెల్లా అనే గొప్పింటి పిల్ల పేకాటలో పిప్‌ను ఎగతాళి చేస్తుంది. చూశారా, ‘నేవ్’ను వీడు ‘జాక్’ అంటున్నాడు అని. ఒక్క మాటకు వాడు గేటు వెనక్కి వెళ్లి ఏడుస్తాడు. మేము జాకీ అనేవాళ్లం. మాకూ మొహాలు చిన్నబోయాయి. మాస్టారు మమ్మల్ని ఊరడించడానికే అనుకుంటాను, ‘నేవ్’ చరిత్ర చెప్పారు. పూర్వం దానికి పిల్లవాడనే అర్థం, తరవాత పనివాడు, ఆ తరవాత దగుల్బాజీ. “వేదం చదువుకున్నవాణ్ణి ఛాందసుడు అనేవాళ్లు. ఇప్పుడు ఎవరిని అంటున్నాం? మాటలూ పడిపోతుంటాయిరా, మీరొక్కరే కాదు” అన్నారు.

పిప్ అక్క ఒకచోట జైలు ఓడల గురించి అడిగినందుకు వాణ్ణి కసురుతుంది. హత్యలు, దొంగతనాలు, ఫోర్జరీలు చేసేవాళ్లను అక్కడ పెడతారట, వాళ్లంతా మొదట ప్రశ్నలు అడగడంతోనే మొదలుపెడతారట. జో కొలిమిని ‘ఫోర్జ్’ అంటారు. దొంగ సంతకం చేయడాన్నీ అదే అంటారు. పుస్తకంలో అందరికంటే మంచివాడు బతికేదీ, అందరికంటే చెడ్డవాడైన కాంపీసన్ బతికేదీ ఒకే మాట మీద. ఇది మాస్టారు చెప్పింది కాదు. చాలా ఏళ్ల తరవాత, ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుంటూ బతుకుతున్న రోజుల్లో నా పాత రూళ్ల పుస్తకంలో రెండు వేర్వేరు పేజీల్లో ఆ మాట రెండుసార్లు కనబడితే తట్టింది.

నా గొప్పలే చెబుతున్నానని అనుకోకండి. అప్పట్లో కొత్త మాట దొరికితే ఎక్కడో అక్కడ పెట్టేదాకా నిద్రపట్టేది కాదు. ‘కౌంటెనెన్స్’ అంటే ముఖమని నేర్చుకున్న వారమే మా అక్క పెళ్లి వచ్చింది. పెళ్లిలో ముఖం చూపించకపోతే బాగుండదు కదా. నా కౌంటెనెన్స్ పెళ్లికి అవసరమని, మూడు రోజులు దానికి సెలవు ఇప్పించమని హెడ్మాస్టరు గారికి అర్జీ రాశాను. అది తిరిగి తిరిగి ఇంగ్లీషు మాస్టారి దగ్గరకు చేరింది. “సెలవు నీ ముఖానికి మంజూరైంది. కాళ్లూ చేతులూ రేపు బడికి రావాలి” అన్నారు.

ఇప్పుడు ఈ రంగంలో పరిశోధనలు చదువుతుంటాను. న్యూజిలాండ్ భాషావేత్త పాల్ నేషన్ లెక్క ప్రకారం, ఒక నవలను ఎవరి సాయమూ లేకుండా చదవాలంటే అందులోని మాటల్లో 98 శాతం తెలిసి ఉండాలి, అందుకు 8 నుంచి 9 వేల పదకుటుంబాలు, అంటే ఒకే మూలం నుంచి పుట్టిన మాటల గుంపులు, రావాలి. మాకు ఎన్ని వచ్చునో లెక్కపెట్టుకుంటే నవ్వొస్తుంది. ఆ లెక్కన మేము ఆ పుస్తకం ముట్టుకోకూడదు. నేషన్ లెక్క తప్పని అనను. ‘ఎవరి సాయమూ లేకుండా’ అన్నది చూసుకోవాలి. జి.ఆర్.ఇ. కోసం వేల మాటల జాబితాలు బట్టీ పట్టే పిల్లలు నా దగ్గరకు వస్తారు. వాళ్ల దగ్గర కుడి గడి మాత్రమే ఉంటుంది. పరీక్ష దాటేదాకా పనికొస్తుంది. నేనేమీ అనను, వాళ్ల తొందర వాళ్లది.

27వ అధ్యాయం చదివిన శనివారం గురించి రాయాలా వద్దా అని సందేహించాను. లండన్‌లో దొరబాబు అయిపోయిన పిప్‌ను చూడటానికి జో వస్తాడు. టోపీ ఎక్కడ పెట్టాలో తెలియదు, పెట్టిన చోట నిలవదు. పెంచిన పిల్లవాణ్ణి ‘సర్’ అంటాడు. పిప్ సిగ్గుపడతాడు. వెళ్లేముందు జో, బతుకంటే అతుకులేసిన ఎన్నో ఎడబాట్లు, అంటాడు. ఆ ‘వెల్డ్’ దగ్గర మాస్టారు ఆగి, కొలిమి పిల్లవాడి వైపు చూశారు. వాడు లేచి, రెండు ఇనప ముక్కలూ తెల్లగా కాగాలనీ, ఒకటి కాగి ఒకటి కాగకపోతే ఎంత సమ్మెట కొట్టినా అతకదనీ చెప్పాడు. చెప్పి కూర్చోలేదు, బయటికి వెళ్లిపోయాడు. కిందటి నెల ఫీజు కట్టడానికి వాళ్ల నాన్న మసి చేతులతో బడికి వస్తే, వాడు మరుగుదొడ్ల వెనక దాక్కోవడం మేమంతా చూశాం. మిత్రమా, ఈ సంచిక నీకూ వస్తుందని తెలుసు. ఇన్నాళ్లకు రాస్తున్నాను, ఆ రోజు దాక్కున్నది నువ్వొక్కడివే, దాక్కోవాలనుకున్నవాళ్లం ఇంకా ఉన్నాం.

పబ్లిక్ పరీక్షలు దగ్గరపడేసరికి 59 అధ్యాయాల్లో 40 దాకా వచ్చి ఆగిపోయాం. మిగిలినవి వేసవి సెలవుల్లో చదువుకోమని పుస్తకం నా చేతికిచ్చారు. డికెన్స్ మొదట పిప్‌నూ ఎస్టెల్లానూ విడదీసి ముగించాడనీ, స్నేహితుడైన మరో నవలాకారుడి మాట విని మార్చాడనీ అప్పటికి నాకు తెలియదు. అచ్చయిన చివరి వాక్యంలో ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడుస్తారు. మరో ఎడబాటు నీడ తనకు కనిపించలేదంటాడు పిప్. జో చెప్పిన అదే ఎడబాటు. ఎడమ గడిలో “పెళ్లి చేసుకున్నారు” అని రాశాను. కుడి గడికి నిఘంటువు తెరిస్తే అందులో ఉన్నదల్లా విడిపోవుట, వీడ్కోలు.

జూన్‌లో పుస్తకం తిరిగి ఇవ్వడానికి వెళ్లి, “పెళ్లయిందా మాస్టారూ?” అని అడిగాను. ఆయన నా రూళ్ల పుస్తకం తీసుకుని ఆఖరి పేజీ చూశారు. కుడి గడి ఖాళీగా ఉంది. పుస్తకం మూసి నా చేతిలో పెట్టి, “కాఫీ తాగుతావా?” అన్నారు.