కార్టిసాల్ లూప్: బట్టీ పట్టకండి, తెంపి చూడండి

జేఎల్ (జూనియర్ లెక్చరర్) పరీక్షకు జువాలజీ చదివే ఫ్రెండ్స్ కోసం, ఒత్తిడిలో పెరిగే కార్టిసాల్ హార్మోన్ గురించి రాస్తున్న. హన్మకొండ నయీంనగర్‌లో మా స్టడీ హాల్లో ఎవరి నోట్స్ తెరిచినా హైపోథాలమస్ (మెదడులో ఒక భాగం), పిట్యూటరీ (దాని కింది గ్రంథి), అడ్రినల్ (మూత్రపిండాల మీది గ్రంథి) అని మూడు డబ్బాలు, పై నుంచి కిందికి బాణాలు కనిపిస్తయి. నేను మాత్రం ఎక్కువ టైం కింది నుంచి పైకి పోయే బాణం మీదనే పెట్టిన. తిప్పి అడిగే ప్రశ్నలన్నీ అక్కడి నుంచే వస్తయి.

ఒత్తిడి తగలగానే హైపోథాలమస్ సీఆర్‌హెచ్ అనే హార్మోన్ వదులుతుంది. దానితో పూర్వ పిట్యూటరీ (దాని ముందు భాగం) ఏసీటీహెచ్ అనే హార్మోన్ విడుదల చేస్తుంది, అది అడ్రినల్ వల్కలానికి (గ్రంథి బయటి పొరకు) చేరితే కార్టిసాల్ వస్తుంది. పెరిగిన కార్టిసాలే పై రెండింటినీ అణిచివేస్తుంది. అడ్రినలిన్‌ను ఇందులో కలపకండి. అది అడ్రినల్ దవ్వ (గ్రంథి లోపలి భాగం) నుంచి, నాడుల ఆదేశంతో సెకన్లలో వస్తుంది.

ఇప్పుడు లూప్‌ను ఒక్కో చోట తెంపండి. అడిసన్ వ్యాధిలో వల్కలం దెబ్బతింటుంది, కార్టిసాల్ పడిపోతుంది. ఆపేది లేక ఏసీటీహెచ్ పెరిగిపోతుంది. ఏసీటీహెచ్, ఎంఎస్‌హెచ్ (చర్మానికి రంగు పెంచే హార్మోన్) రెండూ పీఓఎంసీ అనే ఒకే ప్రోటీన్ నుంచి తెగి వస్తయి కాబట్టి చర్మం నల్లబడుతుంది. అదే పిట్యూటరీ పాడైతే కార్టిసాల్ తగ్గినా చర్మం నల్లబడదు. ఈ తేడా నాకు చాలా ఇష్టం, ఒక్క లక్షణంతో లోపం ఎక్కడుందో చెప్పొచ్చు. ఏసీటీహెచ్ వదిలే పిట్యూటరీ కణితి అయితే ఏసీటీహెచ్, కార్టిసాల్ రెండూ ఎక్కువ. కార్టిసాల్ వదిలే అడ్రినల్ కణితి అయితే కార్టిసాల్ ఎక్కువ, ఏసీటీహెచ్ తక్కువ.

మన ఊళ్లల్ల కీళ్ల నొప్పులకు, ఆయాసానికి స్టెరాయిడ్ మాత్రలు నెలల తరబడి మింగేవాళ్లు ఉంటరు. ఆ స్టెరాయిడ్ కార్టిసాల్ లాగానే పని చేస్తుంది కాబట్టి, బయటి నుంచి వచ్చిన దాన్ని చూసి పిట్యూటరీ ఏసీటీహెచ్ ఆపేస్తుంది, వల్కలం కుంచించుకుపోతుంది. మాత్ర ఒక్కసారిగా ఆపితే సొంత కార్టిసాల్ అందదు, ప్రాణం మీదికి వస్తుంది. డాక్టర్లు డోసు మెల్లమెల్లగా తగ్గించేది అందుకే. ఇది పరీక్షకే కాదు, ఇంట్ల పెద్దవాళ్లకు కూడా చెప్పండి.

కార్టిసాల్ పొద్దున ఎక్కువ, అర్ధరాత్రి దగ్గర తక్కువ. పరీక్షకు రక్తం పొద్దున 8 ప్రాంతంలో తీసుకునేది ఈ లెక్కతోనే.

ఇది కుదిరినంక థైరాయిడ్ లూప్‌ను ఇట్లనే తెంపండి. అయోడిన్ అందకపోతే టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను నడిపే పిట్యూటరీ హార్మోన్) ఎటు పోతుంది, గొంతు దగ్గర గ్రంథి ఎందుకు ఉబ్బుతుంది? పుస్తకం మూసి బాణాలు గీయండి.