తలనొప్పే కదా అన్నారు

కాన్పు తేలిగ్గానే అయింది. తల్లీబిడ్డా క్షేమం అని రాసి ఇంటికి పంపేశారు. ఆ వారంలోనే నాకు తలనొప్పి పట్టుకుంది. మాత్ర వేసుకున్నా తగ్గలేదు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే, "బాలింతకి నిద్ర చాలకపోతే అంతేనమ్మా, పాప పడుకున్నప్పుడు మీరూ కాస్త పడుకోండి" అన్నారు. ఇంట్లోనూ అదే మాట. మర్నాడు పాపకి పాలిస్తుంటే దాని ముఖం సగమే కనబడింది, మిగతా సగం మసక. కళ్ల ముందు మెరుపుల్లాంటి చుక్కలు. కుడి పక్కటెముకల కింద నొప్పి. వేలి ఉంగరం ఊడి రానంత వాపు.

ఆసుపత్రికి వెళ్తే చీటీ ఇచ్చి కూర్చోమన్నారు. చాలాసేపటికి అటుగా వెళ్తున్న ఒక నర్సు నా ముఖం చూసి ఆగింది. ఎవరూ చెప్పకుండానే బీపీ చూసింది. 170/110. మళ్లీ చూసింది, అంతే ఉంది. ఇక అందరూ పరుగులే.

ప్రీఎక్లాంప్సియా అన్నారు, అంటే గర్భం వల్ల బీపీ ప్రమాదకరంగా పెరిగే జబ్బు. కాన్పయ్యాక కూడా, ఆరు వారాల దాకా రావచ్చట. ఈ ముక్క ఇంటికి పంపేటప్పుడు ఎవరూ చెప్పలేదు. అశ్రద్ధ చేస్తే ఫిట్స్ రావచ్చు, మెదడులో రక్తస్రావం కావచ్చు. బీపీకి మందిచ్చి, ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కించారు. అది ఎక్కుతుంటే ఒళ్లంతా సెగ, నాలుక మొద్దు. కాసేపటికోసారి మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి చూసేవారు. మందు మోతాదు మించితే ముందు ఆ కదలికే పోతుంది. కాలు ఎగిరిన ప్రతిసారీ నాకు ప్రాణం లేచొచ్చేది.

బీపీ మాత్రలు నెలల తరబడి వాడాను. తలనొప్పి వస్తే ఇప్పటికీ టెన్షనే. కానీ కోపం మాత్రం జబ్బు మీద కాదు. మెగ్నీషియం సల్ఫేట్ ఖరీదైన మందేమీ కాదు, ఫిట్స్ ముప్పును సగానికి తగ్గిస్తుంది. అయినా 2023లో గర్భం, కాన్పు కారణాలతో ప్రపంచంలో దాదాపు 2,60,000 మంది చనిపోయారు. రక్తస్రావం తర్వాత ఎక్కువ మందిని పొట్టన పెట్టుకునేవాటిలో ఈ బీపీ జబ్బులే ముఖ్యం.

బ్రెజిల్‌లో ఆలీన్ డ సిల్వా పిమెంతెల్ అనే నల్లజాతి మహిళ 2002లో గర్భవతిగా ఉండి, సరైన వైద్యం సమయానికి అందక చనిపోయింది. తల్లి కేసు పెట్టింది. 2011లో ఐక్యరాజ్యసమితి మహిళా వివక్ష నిర్మూలన కమిటీ దానికి ఆ దేశ ప్రభుత్వానిదే బాధ్యత అని తేల్చింది. అది చదివాకే నాకు తెలిసొచ్చింది, నా నొప్పి విని బీపీ చూడమనడం దయ చూపమనడం కాదని. నన్ను ఎవరూ దబాయించలేదు, మర్యాదగానే కొట్టిపారేశారు. అదే ఎక్కువ కష్టంగా ఉంది.

రెండో బిడ్డ ఎప్పుడని అప్పుడే అడుగుతున్నారు. మళ్లీ గర్భమైతే పన్నెండు వారాలు దాటాక తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెట్టాలని, బీపీ తరచూ చూపించుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. ఎప్పుడు, అసలు కావాలా వద్దా అన్నది నేనింకా తేల్చుకోలేదు. తొందరేమీ లేదు.